గుమ్మం దాటిన తర్వాత: జపాన్ నిత్యజీవితంలో అమెరికన్ల సర్దుబాటు – నివాస కథనాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

జపాన్‌లో స్థిరపడిన లేదా చాలాకాలం నివసించిన అమెరికన్లు ఆ దేశపు నిత్యజీవితాన్ని గురించి రాసిన రచనలకు దాదాపు 150 ఏళ్ల చరిత్ర ఉంది. ఇటువంటి రచనలను సాధారణంగా ‘సాంస్కృతిక ఆఘాతం – క్రమంగా సర్దుబాటు’ అనే చట్రంలో చదువుతుంటారు. ఆ చట్రం ఈ రచనలకు చాలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చెప్పులు విడవడం, స్నానం, వంగి నమస్కరించడం, గౌరవవాచకాలు వంటి నిత్యవిషయాలను రచయితలు ఎలా చిత్రించారో పరిశీలించి, సర్దుబాటు కేవలం వలస వచ్చిన వ్యక్తి సాధించే గుణం కాదని, ఆతిథ్య సమాజం అతనిని ఏ కంటితో చూస్తున్నదన్న దానిపై ఆధారపడే సంబంధమని నిరూపించడం వ్యాస లక్ష్యం. చివరలో ఈ పరిశీలన తెలుగు డయాస్పోరా సాహిత్య విమర్శకు ఎలా ఉపకరిస్తుందో సూచించడం జరిగింది.

కీలక పదాలు: నివాస కథనం, సర్దుబాటు, జపాన్, అమెరికన్ రచయితలు, గైజిన్, నిత్యజీవితం, డయాస్పోరా విమర్శ.

1. ప్రస్తావన

పరదేశంలో కొన్నాళ్లు తిరిగి వచ్చి రాసేది యాత్రాచరిత్ర. అక్కడే ఇల్లు పెట్టుకొని, పొయ్యి వెలిగించి, ఇరుగుపొరుగు వారితో మాటా మంచీ నడుపుతూ రాసేది వేరొక ప్రక్రియ. దీనిని ఈ వ్యాసంలో ‘నివాస కథనం’ అని వ్యవహరిస్తున్నాం. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా ఊళ్లను, బసలను, ఆచారాలను శ్రద్ధగా నమోదు చేశారు. అయితే ఆ ఊళ్లలో స్థిరపడి, అక్కడి వారిలో ఒకరుగా మెలగవలసిన అవసరం ఆయనకు లేదు. నివాస కథనకర్తకు ఆ అవసరం ఉంటుంది. యాత్రికుడు చూసిన ఆచారాన్ని వర్ణించి ముందుకు సాగిపోతాడు. నివాసి అదే ఆచారాన్ని మర్నాడు ఉదయం తానే పాటించాలి.

ఇటువంటి రచనలను చదవడానికి పరిశోధకులు తరచుగా వాడే పరికరం ‘సాంస్కృతిక ఆఘాతం’ అనే భావన. కెనడాలో పుట్టి అమెరికాలో పనిచేసిన మానవశాస్త్రవేత్త కలెర్వో ఓబెర్గ్ 1960లో ప్రచురించిన వ్యాసంతో ఈ భావన బాగా ప్రచారంలోకి వచ్చింది. మొదట మోజు, తర్వాత విముఖత, ఆపైన కోలుకోవడం, చివరకు సర్దుకోవడం అని ఇందులో నాలుగు దశలు ఉంటాయి. అంతకుముందే 1955లో నార్వే పరిశోధకుడు లిస్‌గార్డ్, అమెరికాలో గడిపి వచ్చిన నార్వేవాసులను పరిశీలించి, ఇదే అనుభవాన్ని దిగి మళ్లీ పైకి లేచే వక్రరేఖగా చూపారు. ఈ నమూనాల ఉపయోగం కాదనలేనిది. అయితే ఇవన్నీ వచ్చినవాడి మనసులో ఏం జరుగుతుందన్న దానినే కొలుస్తాయి. అతనిని చూస్తున్నవారి మనసులో ఏం జరుగుతున్నదో వీటిలో స్పష్టంగా కనిపించదు. అమెరికన్ల జపాన్ నివాస కథనాలలో అసలు కథ ఈ రెండవ చోటనే ఉన్నదని ఈ వ్యాసం భావిస్తుంది.

పరిధి విషయంలో ఒక వివరణ అవసరం. జపాన్‌ను గురించి రాసిన పాశ్చాత్యులలో మొదట గుర్తుకు వచ్చే పేరు లాఫ్కాడియో హెర్న్. ఆయన గ్రీసులోని లెఫ్కాడా ద్వీపంలో పుట్టి, ఐర్లాండులో పెరిగి, అమెరికాలో రెండు దశాబ్దాలు పత్రికా రచయితగా ఉండి, 1890లో జపాన్ చేరారు. 1896లో కొయిజుమి యకుమో అనే పేరుతో జపాన్ ప్రజ అయ్యారు. ఆయనను అమెరికన్‌గా లెక్కించడం కష్టం కనుక ఈ పరిశీలనలో చేర్చలేదు. రూత్ బెనెడిక్ట్ 1946లో ప్రచురించిన ‘ద క్రిసాంథమమ్ అండ్ ద స్వోర్డ్’ జపాన్ గురించి అమెరికన్ల ఆలోచనను దశాబ్దాల పాటు నిర్దేశించిన గ్రంథం. కానీ యుద్ధకాలపు పరిశోధనగా మొదలైన ఆ రచన చేసే నాటికి ఆమె జపాన్‌లో అడుగుపెట్టలేదు. దూరం నుండి చూసినప్పుడు సంస్కృతి సూత్రాల సముదాయంగా కనిపిస్తుంది. అక్కడ నివసించినవారికి ఆ సూత్రాలకు ఉన్న మినహాయింపులు ఎదురవుతాయి. ఆ మినహాయింపులే ఈ వ్యాసానికి ముడిసరుకు.

2. గుమ్మం, చాప, స్నానపు తొట్టి: ఇంటిలో నేర్చుకొనే పాఠాలు

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టిన ఎడ్వర్డ్ మోర్స్ జీవశాస్త్రవేత్త. సముద్రజీవులను అధ్యయనం చేయడానికి 1877లో జపాన్ వెళ్లి, టోక్యో విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం బోధించారు. యొకొహామా నుండి టోక్యోకు రైలులో వెళుతూ ఒమొరి దగ్గర ప్రాచీన గవ్వల దిబ్బలను గుర్తించినవారు కూడా ఆయనే. 1880ల మధ్యలో వెలువడిన ఆయన గ్రంథం ‘జాపనీస్ హోమ్స్ అండ్ దెయిర్ సరౌండింగ్స్’ నేటికీ ప్రామాణికం. అందులో ఆయన స్వయంగా గీసిన బొమ్మలతో పైకప్పు మొదలుకొని వంటగది, బావి, స్నానాల గది, మరుగుదొడ్డి వరకు ప్రతిదీ వివరించారు.

మోర్స్ రచనలో విమర్శకుడు గమనించవలసినది వర్ణనలోని నిశితత్వం మాత్రమే కాదు, పోలిక సాగే దిశ కూడా. అప్పటి పాశ్చాత్య రచనలు చాలావరకు తమ దేశాన్ని కొలబద్దగా పెట్టుకొని జపాన్‌ను కొలిచాయి. మోర్స్ ఆ కొలబద్దను తిప్పి పట్టుకున్నారు. వస్తువులతో కిక్కిరిసిన అమెరికన్ గదుల పక్కన, దాదాపు ఖాళీగా ఉండే జపాన్ గదిని నిలిపి, తన దేశపు అభిరుచినే ప్రశ్నించారు. బహిరంగ స్నానాలను అవినీతిగా చిత్రించిన విదేశీయులతో ఆయన విభేదించి, సిగ్గు అన్నది సందర్భాన్ని బట్టి నిర్ణయమవుతుందని వాదించారు. ఓబెర్గ్ చెప్పిన మోజు దశగా దీనిని కొట్టిపారేయడం సులువు. కానీ ఇల్లు ఎలా కట్టారో చూడడానికి మోకాళ్లపై కూర్చొని, చాప అంచును, తలుపు గాడిని కొలిచినవాడిది మోజు కాదు. అది శ్రమతో కూడిన శ్రద్ధ.

అదే కాలంలో ఆలిస్ మేబెల్ బేకన్ 1888లో టోక్యోలోని ప్రభువంశ బాలికల పాఠశాలలో బోధించడానికి వెళ్లారు. అక్కడి నుండి రాసిన లేఖలను 1893లో ‘ఎ జాపనీస్ ఇంటీరియర్’ పేరుతో ప్రచురించారు. ఆమె జపాన్ వెళ్లడానికి ముందే జపాన్ ఆమె ఇంటికి వచ్చింది. 1871లో జపాన్ ప్రభుత్వం చదువు కోసం అమెరికాకు పంపిన 5గురు బాలికలలో ఒకరైన యమకావా సుతెమత్సు, న్యూ హేవెన్‌లోని బేకన్ కుటుంబంలోనే పెరిగారు. అందువల్ల ఆలిస్ లేఖలలో విడ్డూరం చూసిన ఆశ్చర్యం తక్కువ, ఇల్లు నడిపే మనిషి వివరం ఎక్కువ. పనివాళ్లతో మాట్లాడవలసిన తీరు, అతిథిని కూర్చోబెట్టవలసిన చోటు, పండుగనాడు పంపవలసిన కానుక వంటి చిన్న విషయాల ద్వారానే సంస్కృతి ఆమెకు పట్టుబడింది.

ఈ రచనలను తెలుగు పాఠకుడు చదివినప్పుడు ఒక విశేషం తటస్థిస్తుంది. జపాన్ ఇంటి ముందరి భాగమైన ‘గెంకాన్’లో చెప్పులు విడిచి, ఒక మెట్టు ఎక్కి లోపలికి వెళ్లాలి. లోపల ‘తతామి’ చాపలపై కింద కూర్చోవాలి. అమెరికన్ రచయితకు ఇది ప్రత్యేక అధ్యాయానికి తగిన విషయం. గుమ్మం బయట చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కొని, కింద కూర్చొని భోంచేసే అలవాటున్న పాఠకుడికి ఇందులో అంత వర్ణించవలసింది ఏముందనిపిస్తుంది. అయితే స్నానం దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. తొట్టి బయటనే ఒళ్లు శుభ్రంగా కడుక్కొని, ఆపైన వేడినీటి తొట్టిలో కూర్చోవడం, ఆ నీటినే ఇంటిల్లిపాదీ వంతులవారీగా వాడడం జపాన్ పద్ధతి. చెంబుతో నీళ్లు పోసుకొనే అలవాటున్న మనకు ఒకరు దిగిన నీటిలో మరొకరు దిగడం అంత తేలికగా మింగుడుపడదు. కాబట్టి తెలుగు పాఠకుడు ఈ రచనల ముందు మూడవ మనిషిగా నిలుస్తాడు. అతను జపనీయుడు కాడు, అమెరికన్ కూడా కాడు. ఏ వివరం జపాన్‌ది, ఏ ఆశ్చర్యం అమెరికాది అని విడదీసి చూడగల స్థానం అతనికి లభిస్తుంది. మన భాషలో ఈ విమర్శ చేయడానికి ఉన్న ప్రధానమైన సమర్థన ఇదే.

3. నడుము, నాలుక: నడవడి వ్యాకరణం

ఇంటిలో అలవాట్లు నేర్చుకున్న తర్వాతి మెట్టు మనుషుల మధ్య మెలగడం. 1987లో జపాన్ ప్రభుత్వం విదేశీ యువతను పాఠశాలలకు రప్పించే ‘జెట్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఆ కాలంలోనే తొచిగి ప్రాంతంలోని సానో పట్టణంలో ఆంగ్లం బోధించిన బ్రూస్ ఫీలర్ 1991లో ‘లర్నింగ్ టు బౌ’ ప్రచురించారు. వంగడం నేర్చుకోవడం అన్న ఈ శీర్షికలోనే పుస్తకపు సారం ఉంది. జపాన్‌లో వంగి నమస్కరించడంలో కోణం, వ్యవధి, ఎవరు ముందు లేవాలన్నది అవతలివారి వయసును, హోదాను, సందర్భాన్ని బట్టి మారతాయి. పాఠం చెప్పడానికి వెళ్లిన ఉపాధ్యాయుడు తరగతి గదిలో తానే విద్యార్థి అయ్యాడన్నది ఆ రచనలోని హాస్యానికి మూలం. పిల్లలే గదులు ఊడ్చి తుడవడం, మధ్యాహ్న భోజనం వారే వడ్డించుకొని ఉపాధ్యాయునితో కలిసి తినడం వంటి పాఠశాల దినచర్యలో, పుస్తకాలలో లేని చదువును ఆయన గుర్తించారు.

ఈ పుస్తకానికి ఒక పరిమితి ఉంది. చూసిన ప్రతి చిన్న నడవడికీ వెనుక జాతీయ స్వభావం అనే పెద్ద కారణాన్ని వెదకాలన్న ఆత్రుత అక్కడక్కడా కనిపిస్తుంది. బెనెడిక్ట్ ప్రభావం ఎంత లోతుగా పాతుకుపోయిందో ఇది చూపుతుంది. ఒక బడిలో పిల్లలు గది ఊడ్చడం ఆ బడి క్రమశిక్షణ కావచ్చు, పెద్దల మాట కావచ్చు, కేవలం మామూలు కావచ్చు. దానిని యావత్తు జాతి ఆత్మగా చెప్పినప్పుడు మనుషులు పక్కకు తొలగి సిద్ధాంతం మిగులుతుంది. ఆయన కథలో విద్యార్థులు, సహోద్యోగులు పేర్లతో, పేచీలతో కనిపించే ఘట్టాలే బలంగా నిలిచాయి.

భాష విషయంలో అమెరికన్ ఎదుర్కొనే కష్టం మనకు వేరుగా కనిపిస్తుంది. ఆంగ్లంలో ఎదుటివారిని సంబోధించే సర్వనామం ఒక్కటే. జపాన్ భాషలోని ‘కేయిగో’ అనే గౌరవ వ్యవస్థలో క్రియాపదమే మారిపోతుంది. అవతలివారిని హెచ్చించే క్రియలు, తనను తగ్గించుకొనే క్రియలు వేరువేరుగా ఉంటాయి. నోరు తెరిచే ముందు ఎదుటి మనిషి తనకంటే పెద్దా చిన్నా అని తేల్చుకోవాలి. ‘నువ్వు’, ‘మీరు’, ‘తమరు’ల మధ్య పుట్టి పెరిగిన తెలుగువారు అసంకల్పితంగా చేసే పని ఇది. సమానత్వాన్ని మర్యాదగా భావించే అమెరికన్‌కు ప్రతి వాక్యమూ అంతరువును ఒప్పుకోవడంగా తోస్తుంది. దీనిని భాషా సమస్యగా మాత్రమే చూస్తే పొరపాటు. తన దేశం తనకు నేర్పిన ఒక విలువను నాలుక మీద నుండి తాత్కాలికంగా దించుకోవలసిన స్థితి ఇది.

ఆ స్థితిని అత్యంత సమగ్రంగా అనుభవించి రాసినవారు లైజా డాల్బీ. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలిగా ఆమె 1970ల మధ్యలో క్యోటోలోని పొంతొచో వీధిలో గెయిషాల మధ్య నివసించారు. షామిసెన్ వాయిద్యం తెలిసిన ఆమె ‘ఇచిగికు’ అనే పేరుతో విందులలో కూడా పాల్గొన్నారు. 1983లో వెలువడిన ‘గెయిషా’ ఈ పరిశోధన ఫలితం. ఆ లోకం బంధుత్వ పదాలపై నడుస్తుంది. విడిది యజమానురాలు ‘అమ్మ’, ముందుగా వృత్తిలోకి వచ్చిన స్త్రీ ‘అక్క’. ఆ సంబోధనలు కేవలం ఆప్యాయతను కాదు, బాధ్యతలను, ఆజ్ఞలను, రుణాలను కూడా మోస్తాయి. ముక్కూ మొహం తెలియని వారిని కూడా ‘అన్నా’, ‘అమ్మా’, ‘పెద్దాయనా’ అని పిలిచే సమాజానికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. డాల్బీ రచనలోని బలం కిమొనో కట్టుకున్న దేహాన్ని గురించిన పరిశీలనలో ఉంది. ఆ దుస్తులలో అడుగు పొడవు తగ్గుతుంది, కూర్చొనే తీరు మారుతుంది, చేయి చాచడంలో జాగ్రత్త వస్తుంది. ఆమెకు సంస్కృతి అభిప్రాయంగా కంటే ముందు నడకగా అబ్బింది.

అయితే ఒక ప్రశ్న మిగులుతుంది. ఆమె పరిశోధన పూర్తిచేసుకొని వెళ్లిపోగలరు. ఆ వీధిలోని ‘అక్క’లకు, ‘చెల్లెళ్ల’కు ఆ వెసులుబాటు లేదు. ఎప్పుడైనా విప్పగల వేషంగా ఒక జీవితాన్ని ధరించడానికీ, అదే జీవనాధారంగా ధరించడానికీ మధ్య దూరం సర్దుబాటు నైపుణ్యంతో పూడేది కాదు. డాల్బీ ఈ దూరాన్ని దాచలేదు. పాఠకులే తరచుగా దానిని మరచి, ఆమె సాహసాన్ని మాత్రమే మెచ్చుకుంటారు.

4. ముఖం: ఒకే పొరపాటు, రెండు తీర్పులు

ఇంతవరకు చర్చించిన రచయితలు జపాన్‌లో చూడగానే పరాయివారని తెలిసే తెల్లజాతి అమెరికన్లు. అటువంటి వారు చాప్‌స్టిక్స్ సరిగా పట్టుకుంటే చాలు, మెప్పు లభిస్తుంది. పొరపాటు చేస్తే ‘గైజిన్’, అనగా బయటివాడు, కదా అని క్షమ లభిస్తుంది. జపాన్ సంతతికి చెందిన అమెరికన్లు అదే దేశంలో, అదే పొరపాటు చేస్తే ఏం జరుగుతుంది? సర్దుబాటు సిద్ధాంతానికి ఇది అసలైన పరీక్ష.

డొరిన్ కొండో 1970ల చివరలో టోక్యో దిగువపేటలోని ఒక మిఠాయిల కర్మాగారంలో పనిచేస్తూ పరిశోధన చేశారు. 1990లో వెలువడిన ‘క్రాఫ్టింగ్ సెల్వ్స్’ ఆ పరిశోధన గ్రంథం. జపాన్ ముఖంతో ఉన్న ఆమె మాటలో, నడవడిలో అమెరికన్ తీరు చూసినవారు తికమకపడ్డారు. విదేశీయురాలిగా చూడడం కంటే, సరిగా పెంచబడని జపాన్ పిల్లగా చూడడమే వారికి తేలికైంది. అందువల్ల ఆమెను ‘సరిదిద్దే’ పని చుట్టుపక్కల అందరూ పంచుకున్నారు. ఆమె కూడా మంచి కూతురిగా, మంచి అతిథిగా, మంచి కోడలివంటి మనిషిగా మెలగడానికి శ్రమించారు. ఆ గ్రంథంలో సుప్రసిద్ధమైన ఘట్టం ఒకటి ఉంది. ఒకరోజు మాంసం దుకాణంలో సరుకు పెట్టే అరల మెరుపులో, ఇంటి దుస్తులు, చెప్పులు వేసుకొని పసిబిడ్డ బండి తోస్తున్న ఒక సగటు జపాన్ గృహిణి ఆమెకు కనిపించింది. అది తన ప్రతిబింబమేనని మరుక్షణంలో గ్రహించి ఆమె కలవరపడ్డారు. ఆ తర్వాత తనకూ తన పరిసరాలకూ మధ్య కొంత ఎడం ఉంచుకోవాలని నిర్ణయించుకున్నారు.

దశల నమూనా ప్రకారం ఈ ఘట్టం సంపూర్ణ విజయం. సర్దుబాటు ఇంతకంటే పరిపూర్ణంగా ఉండడం సాధ్యం కాదు. కానీ అనుభవించిన వ్యక్తికి అది తాను తుడిచివేయబడుతున్న క్షణం. ఒక సిద్ధాంతం విజయమని చెప్పేదాన్ని రచన ప్రమాదంగా చిత్రించినప్పుడు, విమర్శకుడు రచన పక్షాన నిలవాలి. కొండో ఈ అనుభవాన్ని వ్యక్తిగత వేదనగా మిగల్చక, ‘నేను’ అన్నది సంబంధాలలో ఎప్పటికప్పుడు తయారవుతుందన్న తన సిద్ధాంతానికి పునాది చేసుకోవడం విశేషం.

కవి డేవిడ్ మురా 1991లో ప్రచురించిన ‘టర్నింగ్ జాపనీస్: మెమ్వార్స్ ఆఫ్ ఎ సన్‌సెయి’లో ఇదే అంశం మరొక దిశలో నడుస్తుంది. ‘సన్‌సెయి’ అంటే అమెరికాకు వలసవెళ్లిన వారి మూడవ తరం. 1942 నుండి అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని శిబిరాలలో నిర్బంధించింది. మురా తల్లిదండ్రుల తరం ఆ అనుభవం నుండి వచ్చి, మూలాల ఊసు ఎత్తకుండా పూర్తి అమెరికన్లుగా బతకడానికి ప్రయత్నించింది. ఆ మౌనంలో పెరిగిన కవి 1980లలో జపాన్‌లో గడిపిన కాలంలో, గుంపులో తన ముఖం ప్రత్యేకంగా కనిపించని సుఖాన్ని తొలిసారి చవిచూశారు. సుప్రసిద్ధ బుతో నర్తకుడు కజువొ ఒనో దగ్గర నాట్యం నేర్చుకున్నారు. అయితే నోరు విప్పగానే ఆ ముఖం ఇచ్చిన చోటు చేజారుతుంది. ముఖం లోపలికి పిలుస్తుంది, భాష బయట నిలబెడుతుంది. ఆ పుస్తకంలోని ఆవేశం కొన్నిచోట్ల ఆత్మవిచారణ బరువు కింద నలిగిపోయి, చుట్టూ ఉన్న జపాన్ మనుషులు కవి అంతర్మథనానికి నేపథ్యంగా మారిపోయారన్న విమర్శకు అవకాశం ఉంది. అయినా జపాన్‌లో కలిగిన అనుభవం ద్వారా అమెరికాలోని జాతివివక్షను చదవడం ఈ రచన సాధించిన అరుదైన పని.

ఈ సందర్భంలో మరొక జీవితాన్ని గుర్తుచేసుకోవాలి. 1871లో అమెరికాకు వెళ్లిన బాలికలలో అందరికంటే చిన్నది త్సుదా ఉమెకో. 6 ఏళ్ల వయసులో బయలుదేరి, వాషింగ్టన్‌లోని లాన్‌మన్ దంపతుల ఇంట పెరిగి, 1882లో తిరిగివచ్చేనాటికి ఆమెకు మాతృభాష దూరమైపోయింది. తన పెంపుడుతల్లికి ఆమె రాసిన లేఖలు 1991లో ‘ది అట్టిక్ లెటర్స్’ పేరుతో గ్రంథరూపంలో వచ్చాయి. పుట్టిన దేశానికి సర్దుకోవలసి రావడం ఎంత కష్టమో ఆ లేఖలు తెలుపుతాయి. ఆమె పౌరసత్వరీత్యా అమెరికన్ కాదు. అయినా జపాన్ నిత్యజీవితానికి సర్దుకున్న ‘అమెరికన్’ పెంపకపు తొలి సాక్ష్యాలలో ఒకటి ఆమెది. 1900లో ఆమె టోక్యోలో మహిళల కోసం స్థాపించిన పాఠశాలకు సహాయపడటానికి ఆలిస్ బేకన్ మళ్లీ జపాన్ వెళ్లారు. ఇద్దరు స్నేహితురాళ్లలో విదేశీయురాలికి అతిథి మర్యాద దక్కింది, స్వదేశీయురాలికి దిద్దుబాటు దక్కింది. కొండో అనుభవానికి 100 ఏళ్ల ముందే ఈ సూత్రం సిద్ధంగా ఉంది.

5. బయట ఉండడం, లోపలికి రావడం, హక్కు అడగడం

జపాన్ నివాస కథనాలలో డొనాల్డ్ రిచీది ప్రత్యేక స్థానం. ఒహాయో రాష్ట్రంలోని లైమా పట్టణంలో 1924లో పుట్టిన ఆయన, 1947 ఆరంభంలో ఆక్రమణ ప్రభుత్వ ఉద్యోగిగా టోక్యో చేరారు. మధ్యలో కొంతకాలం అమెరికాలో ఉన్నా, 2013లో మరణించేవరకు ఆ నగరాన్నే ఇల్లుగా చేసుకున్నారు. కురొసావా, ఓజు చిత్రాలను ప్రపంచానికి వివరించిన విమర్శకుడిగా ఆయన ప్రసిద్ధుడు. 1971లో వెలువడిన ‘ది ఇన్‌లాండ్ సీ’, 2004లో వెలువడిన ‘ద జపాన్ జర్నల్స్’ ఆయన నివాస కథనాలు. అన్ని దశాబ్దాలు గడిపినా తాను బయటివాడినేనన్న స్పృహను ఆయన లోటుగా భావించలేదు, స్వేచ్ఛగా స్వీకరించారు. లోపలివాడు పాటించి తీరవలసిన కట్టుబాట్లు బయటివాడిని బంధించవు. అమెరికాలోని కట్టుబాట్లు అంత దూరం నుండి ఆయనను తాకవు. రెండు సమాజాల మధ్య ఏర్పడిన ఆ చోటులో ఆయన రచన పుట్టింది.

ఈ స్వేచ్ఛ మీద విమర్శ తప్పదు. అది అందరు బయటివారికీ దొరికేది కాదు. యుద్ధంలో గెలిచిన దేశపు పౌరుడిగా, తెల్లజాతి వ్యక్తిగా వచ్చినవాడికి దొరికిన బయటితనం అది. జపాన్‌లో తరాలుగా నివసిస్తున్న కొరియా సంతతివారికి బయటితనం స్వేచ్ఛగా అనుభవంలోకి రాలేదు. రిచీ రచనలలోని తాత్త్వికతను ఆస్వాదిస్తూనే, దాని కింద ఉన్న ఈ అనుకూలతను గుర్తించడం విమర్శ ధర్మం.

అలెక్స్ కెర్ మరొక దారి ఎంచుకున్నారు. 1973లో షికొకు ద్వీపంలోని ఇయా లోయలో పాడుబడిన గడ్డికప్పు ఇంటిని కొని బాగుచేసుకున్నారు. తన పుస్తకాన్ని మొదట జపాన్ భాషలోనే రాసి 1993లో ప్రచురించారు. దానికి మరుసటి ఏడాది షిన్‌చో గకుగెయి పురస్కారం లభించింది. ‘లాస్ట్ జపాన్’ దాని ఆంగ్లరూపం. నదులను, కొండలను కాంక్రీటుతో కప్పేస్తున్న ప్రభుత్వ నిర్మాణాలపై ఆయన చేసిన ఫిర్యాదు, 2001 నాటి ‘డాగ్స్ అండ్ డీమన్స్’లో తీవ్రరూపం దాల్చింది. పరాయివాడు పొగిడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తప్పు పట్టాలంటే ఇంటివాడి చనువు కావాలి. ఆ చనువును కెర్ భాష ద్వారా, ఇంటి కప్పు స్వయంగా నేయించడం ద్వారా సంపాదించుకున్నారు. అయితే ఆయన ప్రేమించిన పాత జపాన్ అక్కడి పల్లెవాసులు వదిలించుకోవాలనుకున్న పేదరికం కూడా కావచ్చునన్న ప్రశ్న ఆ పుస్తకాల అంచున నిలిచే ఉంటుంది.

సర్దుబాటు చివరి హద్దు చట్టం దగ్గర తెలుస్తుంది. హొక్కైదోలోని ఒతారు పట్టణంలో కొన్ని స్నానశాలలు 1990లలో విదేశీయులకు ప్రవేశం నిరాకరించాయి. రష్యన్ నావికుల ప్రవర్తనను కారణంగా చూపాయి. అమెరికాలో పుట్టి జపాన్‌లో స్థిరపడిన దెబితో అరుదో దీనిని ప్రశ్నించారు. 2000లో ఆయన జపాన్ పౌరుడయ్యారు. పౌరుడిగా వెళ్లినా, ముఖాన్ని చూసి ప్రవేశం నిరాకరించారు. ఈ వివాదం కోర్టుకు చేరింది. 2002లో సప్పొరో జిల్లా న్యాయస్థానం ఆ స్నానశాల చేసినది వివక్ష అని తేల్చి, ముగ్గురు ఫిర్యాదీలకు ఒక్కొక్కరికి 10 లక్షల యెన్‌లు చెల్లించాలని ఆదేశించింది. పురపాలక సంస్థపై చేసిన ఫిర్యాదును మాత్రం అంగీకరించలేదు. మోర్స్ సమర్థించిన, ఫీలర్ వంటి వారికి ఆత్మీయతకు గుర్తుగా నిలిచిన ఆ స్నానమే ఇక్కడ హద్దుగీత అయింది. స్నాన మర్యాదలన్నీ తెలిసిన మనిషిని, ఆ మర్యాదలు తెలియవన్న అనుమానంతో ఆపారు. ఇక్కడ లోపం వచ్చినవాడి సర్దుబాటులో ఉన్నదనడానికి వీలులేదు.

దీనికి ఎదురుగా డొనాల్డ్ కీన్ ఉదాహరణను పెట్టి చూడాలి. జపాన్ సాహిత్యాన్ని ఆంగ్ల ప్రపంచానికి అందించిన ఈ కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు, 2011 నాటి భూకంపం, సునామీల తర్వాత జపాన్‌లోనే శాశ్వతంగా ఉండాలని నిర్ణయించుకొని, 2012లో 89 ఏళ్ల వయసులో ఆ దేశ పౌరుడయ్యారు. చాలామంది విదేశీయులు వెళ్లిపోతున్న సమయంలో వచ్చిన ఆయనను జపాన్ ప్రజలు ఎంతో ఆదరించారు. పౌరసత్వ పత్రం ఇద్దరిదీ ఒకటే. ఒకరిది కృతజ్ఞతకు, మరొకరిది వాదానికి దారితీసింది. ప్రేమను ప్రకటించే పరాయివాడిని హత్తుకున్నంత సులువుగా, హక్కును అడిగే పరాయివాడిని హత్తుకోవడం ఏ సమాజానికైనా కష్టమే.

6. తెలుగు డయాస్పోరా విమర్శకు సూచన

అమెరికా తెలుగు కథపై జరుగుతున్న పరిశోధనలో దశల నమూనా తెలిసో తెలియకో బలంగా ఉంది. పాత్ర మొదట బెదరడం, తర్వాత ఊరిని తలచుకోవడం, చివరకు అలవాటుపడడం అన్న క్రమాన్ని గుర్తించి, దానినే కథా పరిణామంగా నిర్ధారించడం కనిపిస్తుంది. ఈ వ్యాసంలో చూసిన రచనలు ఇంకొక ప్రశ్న వేయమంటున్నాయి. ఆ పాత్రను ఎవరు చూస్తున్నారు, ఏ ముఖాన్ని చూసి ఏ తీర్పు ఇస్తున్నారు? ఉచ్చారణను బట్టి, చర్మపు రంగును బట్టి, వీసా స్థితిని బట్టి ఒకే నడవడికి వేర్వేరు విలువలు వస్తాయి.

ఈ ప్రశ్న మన వైపుకు కూడా తిరుగుతుంది. అమెరికాలో పుట్టి పెరిగిన మనవడు సెలవులకు వచ్చి, తాతగారిని ‘నువ్వు’ అని సంబోధిస్తే, పెంపకం సరిగా లేదని నొచ్చుకుంటాం. ఒక తెల్లజాతి అతిథి వచ్చీరాని తెలుగులో ‘నమస్కారం’ అంటే చప్పట్లు కొడతాం. సి.పి. బ్రౌన్ చేసిన భాషాసేవ దేనితోనూ పోల్చదగినది కాదు, అది వేరు. ఇక్కడ ప్రశ్న మన మెప్పు కొలమానం గురించి. టోక్యో దిగువపేటలో కొండోను దిద్దినవారికీ, మన ఇళ్లలో ఆ మనవడిని దిద్దేవారికీ మధ్య పెద్ద తేడా లేదు. రెండవ తరం ప్రవాస తెలుగువారి రచనలను చదివేటప్పుడు మురా, కొండోల రచనలు మనకు దగ్గరి ఆధారాలుగా పనికివస్తాయి.

7. ముగింపు

ఈ పరిశీలన వలన తేలిన అంశాలు:

1. అమెరికన్ల జపాన్ నివాస కథనాలలో సంస్కృతి సిద్ధాంతంగా కంటే గుమ్మం, చాప, స్నానం, నమస్కారం, సంబోధన వంటి నిత్యవిషయాలలోనే విశ్వసనీయంగా వ్యక్తమైంది. జాతి స్వభావాన్ని సూత్రీకరించిన చోట్ల రచన బలహీనపడింది.

2. ఒకే నడవడికి తెల్లజాతి అమెరికన్‌కు మెప్పు, జపాన్ సంతతి అమెరికన్‌కు దిద్దుబాటు లభించడాన్ని బట్టి, సర్దుబాటు వ్యక్తి గుణం మాత్రమే కాదని, చూసేవారి అంచనాతో ముడిపడిన సంబంధమని స్పష్టమవుతుంది.

3. సంపూర్ణమైన సర్దుబాటు కొన్నిసార్లు వ్యక్తిత్వ నష్టంగా అనుభవంలోకి వస్తుంది. దశల నమూనా ఈ అనుభవాన్ని పట్టుకోలేదు.

4. బయటివాడిగా ఉండే స్వేచ్ఛ, పౌరుడిగా పొందే ఆదరణ, హక్కు అడిగినప్పుడు ఎదురయ్యే నిరాకరణ – ఈ మూడూ ఒకే గుమ్మానికి చెందినవి. ఎవరు, ఏమి అడుగుతూ వచ్చారన్న దానిని బట్టి ఆ తలుపు తెరుచుకోవడమో, మూసుకోవడమో జరుగుతుంది.

5. జపాన్‌కూ అమెరికాకూ చెందని తెలుగు పాఠకుడు ఈ రచనలలో రెండు సంస్కృతులనూ విడదీసి చూడగలడు. ఆ చూపును తన సమాజం మీదకు కూడా మళ్లించినప్పుడే తులనాత్మక విమర్శ ప్రయోజనం నెరవేరుతుంది.

చెప్పులు ఎక్కడ విడవాలో వచ్చినవాడు ఒక్కరోజులో నేర్చుకుంటాడు. చెప్పులు విడిచిన మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో ఇంటివారు నేర్చుకోవడానికి ఎంతకాలం పడుతుందన్నదే ఈ రచనలు తరతరాలుగా అడుగుతున్న ప్రశ్న. వలస సాహిత్యాన్ని అధ్యయనం చేసే పరిశోధకులు ఈ రెండవ పాఠాన్ని కూడా తమ పరిధిలోకి తీసుకోవలసిన అవసరం ఉంది.